బోర్డు స్కూలు నుంచి స్కూల్ బోర్డు దాకా

మా నాన్నగారు చదువుకున్నది బోర్డు హైస్కూల్లో. కృష్ణా జిల్లాలో మా పల్లె నుంచి రోజూ నడిచి వెళ్ళేవారట. బోర్డు స్కూలంటే గోడకు నల్లబోర్డు ఉన్న స్కూలని చిన్నప్పుడు నేననుకునేవాడిని. ఆ బోర్డు జిల్లా బోర్డనీ, దాని పుట్టుక 1884 నాటి మద్రాసు లోకల్ బోర్డుల చట్టంలో ఉందనీ, 1959లో పంచాయతీరాజ్ వచ్చాక ఆ స్థానంలోకి జిల్లా పరిషత్తు వచ్చిందనీ చాలా ఆలస్యంగా తెలిసింది. నేను చదివేనాటికి స్కూలు పేరు మారిపోయినా, ముసలివాళ్ళ నోట అది బోర్డు స్కూలే. మేష్టారి బదిలీ ఎవరి చేతిలో ఉందో ఊరంతటికీ తెలుసు. అక్కడికి వెళ్ళి, "మా పిల్లలకు లెక్కల మేష్టారు లేడండీ, ఎప్పుడు వేస్తారు?" అని నిలదీయవచ్చని మాత్రం ఎవరికీ తోచినట్టు లేదు.

ఆ ఊరి మనిషిని నేను 2007లో న్యూజెర్సీలో మా టౌన్ స్కూల్ బోర్డుకు పోటీ చేశాను. జీతం లేని పదవి, మూడేళ్ళ కాలం, నామినేషన్‌కు అప్పట్లో పదిమంది ఓటర్ల సంతకాలు చాలేవి. "మనకెందుకండీ ఈ గొడవ? పిల్లలు బాగానే చదువుతున్నారుగా" అన్నారు మిత్రులు. మా ఆవిడ అయితే, సంఘం ఉగాది నాటకానికి మనుషుల్ని పోగుచెయ్యలేని వాడికి ఓట్లెక్కడ పడతాయని అడిగింది. సబబైన ప్రశ్నే.

ప్రచారానికని మన వాళ్ళున్న వీధులన్నీ తిరిగాను. ప్రతి ఇంట్లో కాఫీ ఇచ్చారు. దాదాపు ప్రతి ఇంట్లో ఒకటే మాట: "మీకే వేసేవాళ్ళమండీ, కానీ మాది ఇంకా హెచ్-వన్. ఓటు లేదు." ఒకావిడ నన్ను గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది. "అన్నయ్యగారూ, ఈ ఇంటికి మేం కట్టే పన్నులో సగానికి పైగా స్కూళ్ళకే పోతుంది. మా అబ్బాయి ఆ స్కూల్లోనే చదువుతున్నాడు. ఆ డబ్బెలా ఖర్చుపెట్టాలో చెప్పడానికి మాకు ఓటెందుకు లేదు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ఎన్నికలో ఓడిపోయాను. ఓడినవాడికి తీరిక ఎక్కువ గనక లైబ్రరీలో కూర్చుని ఈ స్కూల్ బోర్డుల పూర్వాపరాలు చదవడం మొదలుపెట్టాను.

కథ మసాచుసెట్స్‌లో మొదలవుతుంది. 1647లో అక్కడి వలస ప్రభుత్వం, యాభై కుటుంబాలున్న ప్రతి ఊరూ చదవడం, రాయడం నేర్పే ఒక పంతుల్ని పెట్టుకోవాలనీ, వంద కుటుంబాలుంటే గ్రామర్ స్కూలు నడపాలనీ చట్టం చేసింది. జనాన్ని బైబిలు చదవనీయకుండా మోసం చేసే సైతాను ఎత్తు సాగకూడదన్నది వాళ్ళు చెప్పుకున్న కారణం. కారణం ఏదైనా, పంతుల్ని పెట్టుకునే బాధ్యత మాత్రం ఊరి నెత్తిన పడింది. మొదట్లో రోడ్లూ పన్నులూ చూసే పెద్దలే బడినీ చూసేవారు. తర్వాత తర్వాత ఆ పని కమిటీల చేతికి వచ్చింది. 1826లో, ప్రతి ఊరూ స్కూళ్ళ కోసం విడిగా ఒక కమిటీని ఎన్నుకోవాలన్నారు. ఈ ఏర్పాటే దేశమంతా పాకింది. 1930ల నాటికి అమెరికాలో లక్షకు పైగా స్కూల్ డిస్ట్రిక్టులుండేవి. ఒక్క గది బడికి కూడా ఒక బోర్డు! అవి కలిసిపోతూ ఇప్పుడు పదమూడు వేల దాకా మిగిలాయి.

నన్ను ఆపేసింది ఈ లెక్కలు కాదు. ఆ గుమ్మంలో నన్ను అడిగిన ప్రశ్నను అంతకు ముందే ఎంతోమంది అడిగారు. 1838లో కెంటకీ రాష్ట్రం పల్లెల్లో పన్ను కట్టే కొందరు వితంతువులకు బడి వ్యవహారాల్లో ఓటిచ్చింది. మరే ఎన్నికలోనూ వాళ్ళకు ఓటు లేదు. మసాచుసెట్స్‌లో 1879లో ఆడవాళ్ళు స్కూల్ కమిటీకి ఓటెయ్యవచ్చన్నారు. 1880 మార్చిలో కాంకర్డ్ ఊరి సభలో ఇరవైమంది ఆడవాళ్ళు వచ్చి ఓట్లు వేశారు. 'లిటిల్ విమెన్' నవల రాసిన లూయిసా మే ఆల్కాట్ వాళ్ళలో ఒకరు. దేశమంతటా ఆడవాళ్ళకు ఓటు హక్కు రావడానికి ఇంకా నలభై ఏళ్ళుంది. మా న్యూజెర్సీ సంగతి మరీ విచిత్రం. 1776 నుంచి 1807 దాకా ఆస్తి ఉన్న ఒంటరి ఆడవాళ్ళు ఇక్కడ అన్ని ఎన్నికల్లోనూ ఓటేశారు. తర్వాత తీసేశారు. 1887లో స్కూలు సభల్లో ఓటు తిరిగిచ్చారు. ఏడేళ్ళకు రాష్ట్ర సుప్రీంకోర్టు, ట్రస్టీల ఎన్నికలో అది చెల్లదంది.

పౌరులు కానివాళ్ళ సంగతీ ఉంది. న్యూయార్క్ నగరంలో 1970 నుంచి, కమ్యూనిటీ స్కూల్ బోర్డులను రద్దుచేసిన 2002 దాకా, పౌరసత్వం లేని తల్లిదండ్రులు కూడా ఆ బోర్డులకు ఓటేసేవారు. హడ్సన్ నదికి ఆవలి ఒడ్డున! 2016లో శాన్ ఫ్రాన్సిస్కో ఓటర్లు అలాంటి హక్కునే ఒప్పుకున్నారు. మా రాష్ట్రంలో అది లేదు.

ఓటు లేకపోయినా నోరుందని ఆవిడకు చెప్పాను. న్యూజెర్సీ చట్టం ప్రకారం స్కూల్ బోర్డు ప్రతి బహిరంగ సమావేశంలోనూ జనం మాట్లాడటానికి కొంత సమయం కేటాయించాలి. పాస్‌పోర్టు ఏ దేశానిదని ఎవరూ అడగరు. ఆవిడ వచ్చింది. కాగితం పట్టుకున్న చెయ్యి వణుకుతుండగా, సాయంత్రం క్లబ్బులయ్యాక పిల్లల్ని ఇళ్ళకు చేర్చే లేట్ బస్సు గురించి మూడు నిమిషాలు మాట్లాడింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళకు ఆ బస్సు ఎంత అవసరమో చెప్పింది. తీసేద్దామనుకున్న బస్సును ఆ ఏడాది ఉంచారు.

2009లో రెండోసారి నిలబడి గెలిచాను. మరుసటి ఏడాదే రాష్ట్రం స్కూళ్ళకిచ్చే సాయాన్ని బాగా కోసేసింది. అప్పట్లో స్కూలు ఎన్నికలు ఏప్రిల్లో జరిగేవి, బడ్జెట్ మీద కూడా జనం ఓటేసేవారు. 2010 ఏప్రిల్లో న్యూజెర్సీలో సగానికి పైగా స్కూలు బడ్జెట్లను ఓటర్లు తిప్పికొట్టారు. మాదీ వాటిలో ఒకటి. ఓడిన బడ్జెట్ టౌన్ కౌన్సిల్ చేతికి వెళ్ళి ఇంకా చిక్కి తిరిగొచ్చింది. ఒక సంగీతం టీచరా, లేట్ బస్సులా అన్నదగ్గర ఆగాం. తొమ్మిదిమందిమి రాత్రి పదకొండు దాటేదాకా వాదించుకున్నాం. చివరికి బస్సులు తీసెయ్యడానికి నేనూ చెయ్యెత్తాను. ఆవిడ మూడో వరుసలో కూర్చుని ఉంది.

బయట కారు దగ్గర నాకోసం ఆగింది. "మీరుంటే మా మాట వినేవాళ్ళొకరు ఉంటారనుకున్నాను అన్నయ్యగారూ" అంది. విన్నాననీ, విన్నాకే చెయ్యెత్తాననీ చెప్పాను. ఆ జవాబు ఆవిడకు నచ్చలేదు. ఇప్పుడు తలచుకుంటే నాకూ అంతగా నచ్చదు. బస్సు పోయినా వేరే ఏర్పాటు చూద్దామని ఆ రాత్రే ప్రతిపాదించి ఉండవచ్చు. నాకు తట్టలేదు. ఓటున్న పెద్దవాళ్ళు సంగీతం కోసం గట్టిగా మాట్లాడారు. బస్సెక్కే పిల్లల తల్లిదండ్రుల్లో చాలామందికి ఓటే లేదు. అది నా లెక్కలోకి రాలేదని ఒట్టేసి చెప్పలేను.

2012లో చట్టం మారాక చాలా ఊళ్ళు స్కూలు ఎన్నికలను నవంబరుకు మార్చుకున్నాయి. పన్ను పెంపు రెండు శాతం పరిమితి దాటకపోతే అక్కడ బడ్జెట్ మీద ఓటింగ్ లేదు. ఆ ఏడాదితో నా పదవీకాలమూ ముగిసింది. 2025 ఏప్రిల్లో నెవార్క్ స్కూల్ బోర్డు ఎన్నికలో పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు మొదటిసారి ఓటేశారు. ఈసారి కూడా కొత్తవాళ్ళకు ఓటిచ్చింది స్కూలు ఎన్నికే.

ఆవిడకు గ్రీన్‌కార్డు రావడానికే పుష్కరం పైన పట్టింది. కొడుకు కాలేజీ ముగించి ఉద్యోగంలో కూడా చేరాడు. పోయిన వేసవిలో నామినేషన్ కాగితాలు పట్టుకుని సంతకం కోసం మా ఇంటికి వచ్చింది. కాఫీ తాగుతూ, ఆ రాత్రి బస్సుల ఖర్చెంతో, టీచరు జీతమెంతో గుర్తుందా అని అడిగింది. గుర్తులేదన్నాను. తన దగ్గర ఆ కాగితం ఇంకా ఉందంటూ సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది.