మోసం రుజువుకు ఆధారాలివీ
సంగారెడ్డి: పటాన్‌చెరు పరిసరాల్లో వారసత్వ భూమి దొంగ పత్రాలతో చేజారిందని కోర్టును ఆశ్రయించేవారు ‘మోసం జరిగింది’ అని రాసినంత మాత్రాన సరిపోదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 6వ ఆర్డర్ 4వ నియమం ప్రకారం ఎవరు, ఏ తేదీన, ఏ విధంగా మోసగించారో దావాలోనే వివరించాలి. రుజువు భారం ఆరోపించినవారిదే. దస్తావేజు రద్దు కోరేందుకు మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్లే గడువు.

1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి పహాణీల నకళ్లు తీసుకుని, పేరు ఏ ఏట మారిందో ముందుగా గుర్తించాలి. కీలకమంతా అక్కడే ఉంటుంది. రికార్డుల్లో పేరు మారినంత మాత్రాన యాజమాన్య హక్కు సంక్రమించదు.

కోర్టునే ఏమార్చి డిక్రీ పొందితే? ఎస్.పి. చెంగల్వరాయ నాయుడు కేసులో ప్రత్యర్థి తానే రాసిచ్చిన విడుదల దస్తావేజును దాచిపెట్టి భాగపంపిణీకి ప్రాథమిక డిక్రీ పొందారు. అటువంటి డిక్రీ చెల్లదని, దానిని ఏ కోర్టులోనైనా సవాలు చేయవచ్చని 1993లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.