నెల్లూరు గొర్రెలలో రక్తపు చక్కెర, తెల్ల రక్తకణాలపై హార్మోనుల ప్రభావం

గొర్రె రక్తంలోని గ్లూకోజు (రక్తపు చక్కెర) పరిమాణం, తెల్ల రక్తకణాల సంఖ్య ఎల్లప్పుడూ ఒకే విధంగా ఉండవు. మేత కొరత, బెదురు, ఎండ, చూడి, ఈత వంటి స్థితులలో శరీరంలో ఊరే హార్మోనులు ఈ రెండింటినీ నిమిషాలలో లేదా గంటలలో మార్చగలవు. ఇన్సులిన్, గ్లూకగాన్, అడ్రినలిన్, కార్టిసాల్ వీటిలో ముఖ్యమైనవి. ఈ మార్పులు వ్యాధి వలన కలిగే మార్పులను పోలి ఉంటాయి. కనుక గొర్రె ఏ స్థితిలో ఉన్నదో తెలియకుండా రక్తపరీక్ష ఫలితాన్ని మాత్రమే చూస్తే ఆరోగ్యంగా ఉన్న గొర్రెకు వ్యాధి ఉన్నదని, వ్యాధి ఉన్న గొర్రె ఆరోగ్యంగా ఉన్నదని పొరబడే అవకాశం కలదు. గొర్రెల పెంపకం ప్రధాన జీవనాధారాలలో ఒకటైన ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్ట ప్రాంతాలలో ఈ విషయానికి ప్రాముఖ్యం ఉన్నది.

ప్రాంతం, గొర్రెల జాతి

ఉదయగిరి, ఆత్మకూరు పట్టణాలు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పడమటి భాగంలో ఉన్నాయి. ఉదయగిరి వెలిగొండల చెంత ఉండగా, ఆత్మకూరు ప్రాంతానికి సమీపంలో పెన్నా నదిపై సోమశిల జలాశయం కలదు. కాలువల కింద వరి పండే తూర్పు భాగంతో పోలిస్తే ఇక్కడ మెట్ట భూములు, చిట్టడవులు, బీళ్లు ఎక్కువ. జిల్లాకు వర్షం అధికంగా ఈశాన్య ఋతుపవనాల వలన అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య కురుస్తుంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, బీళ్లలో మేత తరిగిపోతుంది.

ఈ జిల్లా పేరుతోనే ప్రసిద్ధి చెందిన నెల్లూరు జాతి భారతదేశంలోని గొర్రె జాతులలో మిక్కిలి పొడవైనది. దీనిని మాంసం కోసం పెంచుతారు. ఒంటిపై ఉన్నికి బదులు పొట్టి వెంట్రుకలు ఉంటాయి. పెరిగిన పొట్టేలు సగటున 36 కిలోలు, ఆడ గొర్రె 30 కిలోలు తూగుతాయి. రంగును బట్టి ఈ జాతిలో మూడు రకాలు ఉన్నాయి. పూర్తిగా తెల్లగా ఉండేది పల్ల. తెల్లని ఒంటిపై మూతి, కళ్లు, పొట్ట, కాళ్ల వద్ద నల్లని మచ్చలు ఉండేది జోడిపి. ఎర్ర గోధుమ రంగులో ఉండేది దొర, దీనినే నెల్లూరు బ్రౌన్ అని కూడా అంటారు. 2005లో తిరుపతి కేంద్రంగా ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని పలమనేరు పశు పరిశోధన స్థానంలో ఈ జాతిపై పరిశోధనలు జరిగాయి. ఈ వ్యాసంలో ఇచ్చిన రక్తపు విలువలు గొర్రెలన్నింటికీ సాధారణంగా వర్తించేవి.

గొర్రెలో రక్తపు చక్కెర

ఆరోగ్యంగా ఉన్న పెద్ద గొర్రె రక్తంలో 100 మిల్లీలీటర్లకు సుమారు 50 నుండి 80 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటుంది. పరగడుపున మనిషి రక్తంలో ఉండే 70 నుండి 100 మిల్లీగ్రాములతో పోలిస్తే ఇది తక్కువ. దీనికి కారణం గొర్రె నెమరువేసే జంతువు కావడమే. తిన్న మేతలోని పిండిపదార్థాలను, పీచును పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియానిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. అందువలన పేగుల నుండి నేరుగా రక్తంలోకి చేరే గ్లూకోజు చాలా తక్కువ. గొర్రె తనకు కావలసిన గ్లూకోజులో అధిక భాగాన్ని కాలేయంలో తయారు చేసుకొంటుంది. ఇందుకు ప్రొపియానిక్ ఆమ్లం ముఖ్యమైన ముడిసరుకు. అమైనో ఆమ్లాలు, లాక్టిక్ ఆమ్లం, గ్లిసరాల్ కూడా ఉపయోగపడతాయి.

తల్లిపాలు తాగే గొర్రెపిల్లలో పెద్దపొట్ట ఇంకా పనిచేయదు. కాబట్టి వాటి రక్తపు చక్కెర పెద్ద గొర్రెల కంటే ఎక్కువగా ఉండి, మేత మేయడం మొదలైన తరువాత క్రమంగా తగ్గుతుంది. పిల్ల వయస్సు తెలియకుండా దాని చక్కెర ఎక్కువో తక్కువో నిర్ణయించరాదు.

చక్కెరను నియంత్రించే హార్మోనులు

• ఇన్సులిన్: క్లోమంలో తయారవుతుంది. గ్లూకోజును కండరాలలోకి, కొవ్వు కణాలలోకి పంపి రక్తంలో దాని పరిమాణాన్ని తగ్గిస్తుంది. గొర్రెలో గ్లూకోజుతో పాటు ప్రొపియానిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు కూడా ఇన్సులిన్ ఊరేటట్లు చేస్తాయి.

• గ్లూకగాన్: ఇది కూడా క్లోమం నుండే వస్తుంది. కాలేయంలో నిలువ ఉన్న గ్లైకోజెన్‌ను గ్లూకోజుగా మార్చి, కొత్త గ్లూకోజు తయారీని పెంచుతుంది.

• అడ్రినలిన్: మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథుల లోపలి భాగం నుండి వెలువడుతుంది. గొర్రె బెదిరిన కొద్ది నిమిషాలలోనే కాలేయపు గ్లైకోజెన్‌ను కరిగించి రక్తపు చక్కెరను పెంచుతుంది, ఇన్సులిన్ ఊరకుండా అడ్డుపడుతుంది.

• కార్టిసాల్: అధివృక్క గ్రంథుల వెలుపలి పొర నుండి వెలువడుతుంది. మెదడులోని హైపోథాలమస్ సూచనపై పీయూష గ్రంథి ఎ.సి.టి.హెచ్. అనే హార్మోనును విడుదల చేయగా, అది కార్టిసాల్ తయారీని ప్రేరేపిస్తుంది. కార్టిసాల్ అమైనో ఆమ్లాల నుండి గ్లూకోజు తయారీని పెంచి, కండరాలు గ్లూకోజును వాడుకోవడాన్ని తగ్గిస్తుంది. దీని ప్రభావం అడ్రినలిన్ కంటే నెమ్మదిగా మొదలై ఎక్కువ సేపు ఉంటుంది.

• పెరుగుదల హార్మోను, మావి నుండి వచ్చే లాక్టోజెన్: ఇవి ఇన్సులిన్ పనికి ఎదురునిలిచి, తల్లి శరీరం కొవ్వును ఇంధనంగా వాడుకొనేటట్లు చేస్తాయి. దీనివలన గ్లూకోజు కడుపులోని పిల్లకు మిగులుతుంది.

తెల్ల రక్తకణాలు

పెద్ద గొర్రెలో ఒక మైక్రోలీటరు రక్తానికి సుమారు 4,000 నుండి 12,000 వరకు తెల్ల రక్తకణాలు ఉంటాయి. ఇందులో లింఫోసైట్లు 40 నుండి 75 శాతం, న్యూట్రోఫిళ్లు 10 నుండి 50 శాతం, ఇయోసినోఫిళ్లు 10 శాతం లోపు ఉంటాయి. మోనోసైట్లు, బేసోఫిళ్లు స్వల్పం. మనిషిలో న్యూట్రోఫిళ్లది పైచేయి కాగా, గొర్రెలో సాధారణంగా లింఫోసైట్లది పైచేయి. అందుచేత గొర్రెలో న్యూట్రోఫిళ్లు లింఫోసైట్లను మించాయంటే దానికి ఏదో ఒక కారణం వెతకవలసి ఉంటుంది. ఆ కారణం వ్యాధి కావచ్చును, హార్మోను కావచ్చును.

అడ్రినలిన్ ప్రభావం

మందను కుక్క తరిమినప్పుడు, గొర్రెను పరుగెత్తించి పట్టుకొన్నప్పుడు అడ్రినలిన్ పెరుగుతుంది. రక్తనాళాల గోడలకు అంటిపెట్టుకొని ఉన్న తెల్ల కణాలు ప్రవాహంలోకి వస్తాయి. న్యూట్రోఫిళ్లు, లింఫోసైట్లు రెండూ పెరుగుతాయి. గొర్రె శాంతించిన కొంతసేపటికి ఈ సంఖ్య యథాస్థితికి వస్తుంది. ఇదే సమయంలో ప్లీహం ముడుచుకొని, అందులో నిలువ ఉన్న ఎర్ర రక్తకణాలను రక్తంలోకి వదులుతుంది. దీనివలన నట్టలు రక్తం పీల్చగా పాలిపోయిన గొర్రెలో కూడా రక్తహీనత ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు.

కార్టిసాల్ ప్రభావం

కార్టిసాల్ పెరిగిన కొన్ని గంటలలో మూడు మార్పులు కలసి కనిపిస్తాయి. న్యూట్రోఫిళ్లు పెరుగుతాయి, లింఫోసైట్లు తగ్గుతాయి, ఇయోసినోఫిళ్లు తగ్గుతాయి లేదా కనిపించకుండా పోతాయి. న్యూట్రోఫిళ్లు నాళాల గోడలను పట్టుకొనే గుణం కోల్పోయి రక్తంలోనే ఎక్కువసేపు తిరగడం, ఎముక మజ్జ నుండి మరికొన్ని విడుదల కావడం ఈ పెరుగుదలకు కారణాలు. లింఫోసైట్లు రక్తాన్ని వదలి లసిక గ్రంథులకు, ఎముక మజ్జకు చేరుతాయి. న్యూట్రోఫిళ్ల సంఖ్య పెరిగినప్పటికీ అవి సూక్ష్మజీవులు ఉన్న చోటికి చేరే శక్తి తగ్గుతుంది. అనగా అంకె పెరిగినంత మాత్రాన రక్షణ పెరిగినట్లు కాదు.

ఎ.సి.టి.హెచ్. ఇచ్చిన తరువాత ఇయోసినోఫిళ్లు ఎంత తగ్గాయో లెక్కించి అధివృక్క గ్రంథుల పనితీరును అంచనా వేసే పరీక్షను 1948లో అమెరికా వైద్యుడు జార్జి థార్న్, ఆయన సహచరులు మనుషులకై ప్రకటించారు. తరువాత కార్టిసాల్‌ను నేరుగా కొలిచే పద్ధతులు రావడంతో ఆ పరీక్ష వాడుక నుండి తప్పుకొన్నది.

చూడి, ఈత

గొర్రె చూడి కాలం సుమారు 150 రోజులు. కడుపులోని పిల్ల బరువులో అధిక భాగం చివరి ఆరు వారాలలో పెరుగుతుంది. ఈ కాలంలో తల్లి నుండి పిల్లకు గ్లూకోజు నిరంతరం చేరవలసి ఉంటుంది. అప్పుడే బీడు ఎండిపోతే, లేదా కడుపులో కవల పిల్లలు ఉంటే, తల్లి తన కొవ్వును వేగంగా కరిగిస్తుంది. కాలేయం ఆ కొవ్వును పూర్తిగా వాడుకోలేక కీటోనులు పేరుకొంటాయి. రక్తపు చక్కెర పడిపోయి గొర్రె మేత మానుతుంది, మంద నుండి వెనుకబడుతుంది, చూపు మందగిస్తుంది, చివరకు లేవలేని స్థితికి చేరుతుంది. దీనిని చూడి విషపూరిత స్థితి లేదా కవల పిల్లల వ్యాధి అంటారు. వ్యాధి ముదిరినప్పుడు, ముఖ్యంగా కడుపులో పిల్ల మరణించినప్పుడు, చక్కెర తిరిగి పెరగవచ్చు. కనుక చక్కెర సాధారణంగా ఉన్నదని ఈ వ్యాధి లేదని చెప్పరాదు. కీటోనులను కూడా పరీక్షించవలెను.

ఈతను ప్రారంభించేది కడుపులోని పిల్లే. పిల్ల అధివృక్క గ్రంథులలో కార్టిసాల్ పెరగడంతో మావిలో ప్రొజెస్టిరాన్ తగ్గి, ఈస్ట్రోజెన్ పెరిగి నొప్పులు మొదలవుతాయి. 1960వ దశకంలో న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో గ్రాహం లిగిన్స్ గొర్రెలపై చేసిన ప్రయోగాలు ఈ విషయాన్ని వెల్లడించాయి. నెలలు నిండని గొర్రెపిల్లల ఊపిరితిత్తులు స్టెరాయిడ్ వలన త్వరగా పరిణతి చెందుతాయని అక్కడే గమనించారు. 1972లో లిగిన్స్, హోవీ ప్రకటించిన ఫలితాలతో నెలలు నిండకుండా ప్రసవించబోయే స్త్రీలకు ఈ మందు ఇచ్చే చికిత్సకు దారి ఏర్పడింది.

ఈతకు ముందు, తరువాత తల్లి గొర్రెలో రోగనిరోధక శక్తి కొంత సన్నగిల్లుతుంది. హార్మోనుల మార్పులు, మాంసకృత్తుల కొరత రెండూ ఇందుకు తోడ్పడతాయి. పొట్టలో అణగి ఉన్న నట్టలు విజృంభించి పెంటికలలో గుడ్ల సంఖ్య పెరుగుతుంది. పిల్లలు మేసే బీడు ఆ గుడ్లతో కలుషితమవుతుంది.

ఎండ, ప్రయాణం

తీవ్రమైన ఎండ తగిలిన తొలి గంటలలో కార్టిసాల్ పెరుగుతుంది. ఎండ రోజుల తరబడి కొనసాగితే శరీరం అలవాటుపడి కార్టిసాల్ తగ్గుముఖం పడుతుంది. అవటు గ్రంథి హార్మోనులు తగ్గి, ఒంట్లో పుట్టే వేడి తగ్గుతుంది. మేత తినడం తగ్గడంతో ప్రొపియానిక్ ఆమ్లం తగ్గి గ్లూకోజు తయారీ మందగిస్తుంది. లారీలో సంతకు తరలించిన గొర్రెలలో గుమికూడటం, దాహం, ఆకలి కలసి కార్టిసాల్‌ను పెంచుతాయి. సంతలో కొన్న గొర్రెలను వెంటనే మందలో కలపక కొన్నాళ్లు వేరుగా ఉంచమనడానికి ఇది ఒక కారణం.

వ్యాధులతో పోలిక

• చిటుకు రోగం: తొలకరి లేత గడ్డి అతిగా మేసినప్పుడు క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ డి రకం విషం వలన వస్తుంది. రక్తంలో, మూత్రంలో చక్కెర పెరగడం దీని లక్షణం. బెదురు వలన కూడా రక్తపు చక్కెర పెరుగుతుంది గనుక ఇతర లక్షణాలను గమనించవలెను.

• నీలి నాలుక వ్యాధి, పారుడు రోగం (పి.పి.ఆర్.): ఈ వైరస్ వ్యాధులలో తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. లింఫోసైట్లు తగ్గడం కార్టిసాల్ ప్రభావంలోనూ ఉంటుంది, కాని అప్పుడు న్యూట్రోఫిళ్లు పెరుగుతాయి.

• బాక్టీరియా వలన కలిగే ఊపిరితిత్తుల వాపు: న్యూట్రోఫిళ్లతో పాటు వాటి అపరిపక్వ రూపాలు కనిపిస్తాయి, జ్వరం ఉంటుంది. కార్టిసాల్ మాత్రమే కారణమైతే అపరిపక్వ కణాలు సాధారణంగా కనిపించవు.

• నట్టలు: ఇయోసినోఫిళ్లు పెరగవచ్చు. గొర్రె ఒత్తిడిలో ఉంటే కార్టిసాల్ ఈ పెరుగుదలను మరుగుపరచగలదు.

రక్తపరీక్షలో జాగ్రత్తలు

గొర్రెను తరమకుండా నీడలో నిలిపి, శాంతించిన తరువాత మెడ సిర నుండి రక్తం తీయవలెను. చక్కెర పరీక్షకు ఫ్లోరైడ్ కలిపిన గొట్టం, కణాల లెక్కకు ఇ.డి.టి.ఎ. కలిపిన గొట్టం వాడతారు. మామూలు గొట్టంలో ఉంచితే రక్తకణాలే గ్లూకోజును వాడుకొని దాని పరిమాణాన్ని తగ్గిస్తాయి. ఎండలో ఈ నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. కొండ పక్క గ్రామం నుండి పట్టణంలోని ప్రయోగశాలకు రక్తం చేరే లోపల ఆరోగ్యవంతమైన గొర్రెకు కూడా చక్కెర పడిపోయినట్లు తేలవచ్చు. కాబట్టి నమూనాను మంచు పెట్టెలో పంపడం మంచిది. నమూనాతో పాటు గొర్రె వయస్సు, చూడి నెల, మేత, పట్టుకొన్న తీరు, ఇచ్చిన మందులు, తీసిన సమయం వ్రాసి పంపవలెను.

స్టెరాయిడ్ మందులు

డెక్సామెథసోన్ వంటి మందులు కార్టిసాల్ వలె పనిచేస్తాయి. ఇంజక్షను ఇచ్చిన తరువాత చక్కెర, న్యూట్రోఫిళ్లు పెరిగి లింఫోసైట్లు తగ్గుతాయి. గొర్రె చురుకుగా కనిపించినా లోపలి వ్యాధి తగ్గకపోవచ్చు. చూడి చివరి వారాలలో ఈ మందు వాడితే రెండు మూడు రోజులలో గొర్రె ఈనవచ్చు. నెలలు నిండని పిల్లలు బ్రతకడం కష్టం. సజీవ వైరస్ టీకాలు వేసే సమయంలో ఈ మందులు వాడకూడదు. కొద్దిపాటి మందపై బ్రతికే కాపరికి ఒక ఈత నష్టం కూడా పెద్ద నష్టమే కనుక, పశువైద్యుని సలహా లేకుండా వీటిని చూడి గొర్రెలకు ఇవ్వరాదు.

ఇవి కూడా చూడండి

• ఇన్సులిన్
• అధివృక్క గ్రంథి
• తెల్ల రక్తకణాలు
• నెమరువేయు జంతువులు
• ఉదయగిరి
• ఆత్మకూరు