అయిదో అంతస్తులో సిల్వియా

సున్నిపెంట అంటే చాలామందికి శ్రీశైలం వెళ్ళే దారిలో బస్సు కాసేపు ఆగే ఊరు. మాకు మాత్రం పదిహేనేళ్ళ కాపరం. 1963లో నెహ్రూగారు శ్రీశైలం ఆనకట్టకు శంకుస్థాపన చేశాక, అది కట్టేవాళ్ళ కోసం నల్లమల అడవిలో లేచిన కాలనీ అది. మేము వెళ్ళేసరికే ఆనకట్ట పూర్తయింది. సగం క్వార్టర్సుల్లో మనుషులు, సగం క్వార్టర్సుల్లో కోతులు. సాయంత్రం ఆరయిందంటే కొండల వెనక పొద్దు గుంకేది. ఆ తరవాత పిల్లలకి ఏం తోచేది కాదు.

అలాంటి రోజుల్లో, 1990ల మధ్యలో, మావారు కర్నూలు వెళ్ళి టీవీకి తగిలించే వీడియో గేమొకటి పట్టుకొచ్చారు. దాంతోపాటు పసుపుపచ్చ క్యాసెట్టు. అందులో మా అమ్మాయికి నచ్చింది కుంగ్ ఫూ ఆట. థామస్ అనే కుర్రాడు అయిదంతస్తుల మేడలో అంతస్తుకో వస్తాదుని తన్నుకుంటూ పైకి పోవాలి. చివర్న సిల్వియా అనే పిల్ల కుర్చీలో కట్టేసి ఉంటుంది. విడిపిస్తాడు. విడిపించిన మరుక్షణం ఆట మళ్ళీ మొదలు, సిల్వియా మళ్ళీ కుర్చీలో!

"అమ్మా, ఆ అమ్మాయి లేచి రెండు తన్నులు తన్నొచ్చుగా?" అంది మా అమ్మాయి ఓ రోజు.

నేను గిన్నెలు తోముకుంటూ "తాడు గట్టిగా కట్టుంటార్లే" అన్నాను. మా అత్తయ్యకి మాత్రం ఆ ఆటలో కొత్తేమీ కనిపించలేదు. నాలుగో అంతస్తులో మంత్రగాడు ఎదురవుతాడు. వాణ్ణి చూడగానే ఆవిడ, "ఇది మన పాతాళభైరవి కదుటే! రాకుమారిని మాంత్రికుడు ఎత్తుకుపోతే తోటరాముడు వెళ్ళి తెచ్చుకోలే?" అన్నారు. నిజమే, 1951లో మనవాళ్ళు ఊరూరా చూసిన కథే.

ఇది అసలు సినిమాలోంచి వచ్చిన ఆటేనని చాలా ఏళ్ళకి గానీ నాకు తెలియలేదు. 1984లో హాంకాంగు వాళ్ళు 'వీల్స్ ఆన్ మీల్స్' అని ఓ సినిమా తీశారు. జాకీ చాన్ హీరో. జపానులో దాని పేరు 'స్పార్టన్ ఎక్స్'. ఆ ఏడాదే ఐరెమ్ కంపెనీ అదే పేరుతో ఆట చేసింది. అయిదంతస్తుల ఆలోచన మాత్రం బ్రూస్ లీ 'గేమ్ ఆఫ్ డెత్' నుంచి తీసుకున్నారు. బయటి దేశాలకి వచ్చేసరికి సినిమా పేరు పోయి కుంగ్ ఫూ అయింది. సున్నిపెంట దాకా వచ్చేసరికి ఏ పేరూ లేదు, క్యాసెట్టులో ఓ నెంబరు.

అప్పణ్ణుంచి నాకో పిచ్చి పట్టుకుంది. సినిమాల్లోంచీ, బొమ్మల కథల్లోంచీ వచ్చిన ఆటల్లో ఆడపిల్లల సంగతి ఏమయిందా అని వెతకడం. వెతికినకొద్దీ చోద్యమే.

పొపాయ్ పక్కన ఉండే సన్నటి ఆలివ్ ఆయిల్‌ని మీరెరుగుదురు. ఆ బొమ్మల కథలో ఆవిడే ముందు పుట్టింది, 1919లో. పొపాయ్‌గారు 1929లో వచ్చి చేరాడు, అంటే పదేళ్ళు చిన్న! 1981లో నింటెండో వాళ్ళు పొపాయ్ ఆట చేద్దామనుకున్నారు, హక్కులు దొరకలేదు. సరే అని పొపాయ్‌ని వడ్రంగిని చేసి, విలన్ని గొరిల్లాని చేసి, ఆలివ్ బదులు ఓ పిల్లని పైన నిలబెట్టి 'హెల్ప్' అనిపించారు. అదే డాంకీ కాంగ్. ఆ వడ్రంగే తరవాత మారియో. మా కింగ్ కాంగ్‌ని కాపీ కొట్టారని యూనివర్సల్ స్టూడియో కోర్టుకెక్కింది. తీరా చూస్తే, కింగ్ కాంగ్ కథ ఎవరి సొత్తూ కాదని లోగడ కోర్టులో వాదించింది ఆ స్టూడియోనేనట! కేసు ఓడిపోయింది. డాంకీ కాంగ్ వచ్చిన మరుసటేడే హక్కులు దొరికి పొపాయ్ ఆట నిజంగానే వచ్చింది. అందులో ఆలివ్ పని? పైన నిలబడి హృదయాలు జారవిడవడం.

సూపర్‌మాన్ కథలో లూయిస్ లేన్ 1938 నుంచీ పత్రికా విలేఖరి. 1979లో వచ్చిన అటారీ ఆటలో ఆవిడ వార్త రాసేదేం లేదు. సూపర్‌మాన్‌కి నీరసం వస్తే ముద్దిచ్చి నయం చెయ్యాలి! తాబేళ్ళ కథలో ఏప్రిల్ అనే అమ్మాయి, 1984 నాటి మొదటి పుస్తకాల్లో కంప్యూటరు ప్రోగ్రాములు రాసేది. 1989 ఆటలో? ఎత్తుకుపోయారు, వెళ్ళి తేవాలి.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చేసినవాళ్ళకీ ఇబ్బందులున్నాయి. ఆ సూపర్‌మాన్ ఆట మొత్తం నాలుగు కిలోబైట్లు. అంటే ఇంగ్లీషులో నాలుగువేల చిల్లర అక్షరాలు పట్టే చోటు. ఓ పెద్ద ఉత్తరమంత. అందులో ఊరూ, వంతెనా, దొంగలూ, ఎగిరే మనిషీ అన్నీ ఇమడాలి. మాటలకి చోటేదీ? కట్టేసిన ఆడపిల్లని పైన పెడితే మాట్లాడకుండానే కథ అర్థమవుతుంది. మా అత్తయ్యకి అర్థం కాలేదూ! కానీ చోటు పెరిగాక కూడా ఆ కుర్చీ అక్కడే ఉండిపోయిందే, అదే నాకు మింగుడుపడనిది.

ఆ రోజుల్లో మా అమ్మాయి రాత్రి పడుకోబోయే ముందు నేను చెంచులక్ష్మి కథ చెప్పేదాన్ని. మాకు దూరమేం కాదు, ఆళ్ళగడ్డ దగ్గర అహోబిలం. విల్లు పట్టి వేటాడే చెంచుపిల్ల, ఏకంగా నరసింహస్వామినే తన వెంట తిప్పుకుంది. 1958లో అంజలీదేవి సినిమాలో వేసింది కూడా. అంతా విని మా అమ్మాయి, "ఈ ఆట క్యాసెట్టులో ఏ నెంబర్లో ఉందమ్మా?" అని అడిగింది. ఏం చెప్పను?

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మా అమ్మాయే ఆ జాకీ చాన్ సినిమా సంపాదించి టీవీలో పెట్టింది. బార్సిలోనాలో వ్యాన్లో తిండి అమ్ముకునే ఇద్దరు కుర్రాళ్ళు. ఆఖర్న సిల్వియాని ఎత్తుకుపోవడం, వీళ్ళు కోటలోకి వెళ్ళి విడిపించడం సినిమాలోనూ ఉంది, కాదన్ను. కానీ అంతకుముందు ఆ పిల్ల జేబుదొంగ! మగాళ్ళని మాటల్లో పెట్టి చక్కగా పర్సులు కాజేస్తుంది.

"అమ్మా, మన సిల్వియానే!" అని మా అమ్మాయి పకపకా నవ్వి, ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. పాయసం పొయ్యి మీద ఉందని నేను లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.