మూత విప్పేదెవరు? – ఇంటి కంప్యూటర్ మరమ్మతు చరిత్ర

మీ ఇంట్లో కంప్యూటర్ ఉన్నట్టుండి ఆన్ కావడం మానేసిందనుకోండి. ప్లగ్గు ఊడదీసి మళ్ళీ పెడతారు. వేరే సాకెట్‌లో పెట్టి చూస్తారు. అప్పటికీ కదలకపోతే పటాన్‌చెరులోనో సంగారెడ్డిలోనో తెలిసిన షాపుకు మోసుకెళ్తారు. అక్కడి కుర్రాడు నాలుగు స్క్రూలు విప్పి, లోపలి నుంచి ఒక పట్టీ తీసి, తుడిచి పెట్టగానే తెర వెలుగుతుంది. ఇంత చిన్న పని మనమే చేసుకోలేకపోయామా అనిపిస్తుంది. ఈ పాఠం అడిగే ప్రశ్న కూడా దాదాపు అదే. కాకపోతే కొంచెం వెనక్కి వెళ్ళి అడుగుతుంది. కంప్యూటర్ మూత విప్పే అధికారం ఎవరిది? ఒకప్పుడు అది వినియోగదారుది కాదు. మధ్యలో అతని చేతికి వచ్చింది. ఇప్పుడు మళ్ళీ చేజారుతోంది.

అద్దె యంత్రాల కాలం

1960లలో, 70లలో మన దేశంలోని పెద్ద సంస్థలు వాడిన కంప్యూటర్లలో ఐబీఎం 1401 ముఖ్యమైనది. విదేశాల్లో వాడేసిన యంత్రాలను బాగుచేసి ఇక్కడ అద్దెకిచ్చేవారు. అద్దె యంత్రం కాబట్టి అది కంపెనీ సొత్తే. చెడిపోతే కంపెనీ ఇంజనీరే రావాలి, కంపెనీ విడిభాగమే వేయాలి. అద్దె కట్టే సంస్థకు లోపల ఏముందో తెలుసుకోవలసిన అవసరం గానీ, అవకాశం గానీ ఉండేవి కావు.

1973 నాటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం విదేశీ కంపెనీలను ఇక్కడి వ్యాపారంలో తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోమంది. ఐబీఎం అందుకు ఒప్పుకోక 1978లో దేశం విడిచి వెళ్ళింది. యంత్రాలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. వాటిని నడిపించే బాధ్యత 1975లో కేంద్ర ప్రభుత్వం స్థాపించిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద పడింది. ఒక దేశం కేవలం మరమ్మతు కోసం ప్రభుత్వ రంగ సంస్థను పెట్టుకోవడం అరుదైన విషయం. తయారుచేసినవాడు లేకుండానే, రకరకాల కంపెనీల యంత్రాలను బాగుచేయడం అక్కడి ఇంజనీర్లు నేర్చుకున్నారు. తర్వాత ఆ సంస్థ పనులు విస్తరించి 1984లో పేరు సీఎంసీ అని కుదించుకుంది. పేరులోంచి మెయింటెనెన్స్ అన్న మాట మాయమైంది. మరమ్మతును మనం చిన్నపనిగా చూడటం అప్పటికే మొదలైందని నాకు అనిపిస్తుంది.

ఇదే కాలంలో హైదరాబాదులో మరో దారి కనిపించింది. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ రెండేళ్ళకే, 1969లో, టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తెచ్చింది. ఇక్కడ తయారైన యంత్రానికి సర్క్యూట్ పటం ఇక్కడే ఉంటుంది. చెడిన చోటు వెతికి, అక్కడి ట్రాన్సిస్టర్‌నో రెసిస్టర్‌నో మార్చి, సోల్డరింగ్ చేసి మళ్ళీ నడిపించేవారు.

ఇక మన పారిశ్రామిక ప్రాంతం సంగతి. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చాయి. 1973లో ఏపీఐఐసీ ఏర్పడిన తర్వాత పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలు పెరిగాయి. ఫ్యాక్టరీ వచ్చిన ఊరికి దాని వెనకే మోటారు వైండింగ్ షాపు, వెల్డింగ్ షాపు వస్తాయి. మన దగ్గర ఇంటి కంప్యూటర్ కన్నా ముందే మరమ్మతు చేసే చేతులు ఉన్నాయన్నమాట.

డబ్బా తెరుచుకుంది

1981లో ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్ దాని పాత పద్ధతికి పూర్తిగా విరుద్ధం. తొందరలో తయారుచేయడం వల్ల ఎక్కువ భాగాలు బయటి కంపెనీల దగ్గర కొన్నారు. లోపల ఖాళీ స్లాట్లు పెట్టారు. సాంకేతిక వివరాలతో పుస్తకం కూడా అచ్చువేశారు. దాంతో ఎవరైనా అలాంటి పెట్టెను తయారుచేయగల పరిస్థితి వచ్చింది. మన దేశంలో 1984 నవంబరు నాటి కొత్త కంప్యూటర్ విధానం దిగుమతులను సడలించింది. 1997లో భారత్ సంతకం చేసిన సమాచార సాంకేతిక ఒప్పందం ప్రకారం 2005 నాటికి కంప్యూటర్ భాగాల మీద దిగుమతి సుంకం సున్నాకు దిగింది. అసెంబుల్డ్ కంప్యూటర్లకు ఇదే పునాది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ పేరు మీరు వినే ఉంటారు. మదర్‌బోర్డు ఒక షాపులో, హార్డ్‌డిస్క్ మరో షాపులో కొని అక్కడే బిగించుకుని వచ్చేవారు. పటాన్‌చెరు నుంచి బస్సెక్కితే అది ఒక పూట పని.

ఈ మార్పుతో మరమ్మతు పద్ధతే మారిపోయింది. ట్రాన్సిస్టర్ స్థాయిలో వెతకడం పోయి, బాగున్న భాగాన్ని అనుమానం ఉన్న భాగం స్థానంలో పెట్టి చూడటం వచ్చింది. మీరు ఇంట్లో అనుసరించవలసింది ఈ పద్ధతినే. ఒకసారికి ఒకటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది చెడిందో ఎప్పటికీ తెలియదు.

డెస్క్‌టాప్ ఆన్ చేసినప్పుడు ఫ్యాను తిరుగుతూ, తెర నల్లగా ఉండి, బీప్ శబ్దాలు వస్తుంటే ముందుగా ర్యామ్‌ను అనుమానించండి. ప్లగ్గు పూర్తిగా తీసి, స్విచ్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టండి. పెట్టె లోపలి పెయింటు లేని లోహాన్ని తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోండి. ఆ తర్వాత పట్టీని తీసి, దాని బంగారు రంగు అంచును మెత్తని తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, క్లిప్పు పడేదాకా నొక్కండి. గరుకు కాగితం వాడవద్దు. బంగారు పూత చాలా పలుచన.

కంప్యూటర్ బాగానే నడుస్తున్నా రోజూ తేదీ వెనక్కి పోతోందా? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, దాని పేరు సీఆర్2032. మొదటి ఐబీఎం పీసీలో ఈ సదుపాయం లేదు, ఆన్ చేసినప్పుడల్లా తేదీని మనమే టైపు చేయాలి. 1984లో వచ్చిన ఏటీ నమూనాలో బ్యాటరీతో నడిచే గడియారం పెట్టారు. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు, యూనివర్సిటీ వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లవని బ్రౌజర్ నిరాకరిస్తుంది. చాలామంది దీన్ని ఇంటర్నెట్ సమస్య అనుకుని కనెక్షన్ ఇచ్చినవారికి ఫోన్ చేస్తారు. కావలసింది మాత్రం 3 వోల్టుల బ్యాటరీ.

కరెంటు, గాలి

పెద్ద మోటారు స్టార్టయినప్పుడు అదే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న ఇళ్ళల్లో లైట్లు ఒక్కసారి తగ్గి మళ్ళీ వెలుగుతాయి. న్యూట్రల్ వైరు వదులైతే వోల్టేజీ హఠాత్తుగా పెరుగుతుంది. ఈ దెబ్బలన్నీ ముందుగా తగిలేది కంప్యూటర్‌లోని పవర్ సప్లైకే, అంటే ఎస్‌ఎంపీఎస్‌కే. 2000 తర్వాతి కొన్నేళ్ళలో ప్రపంచమంతటా నాసిరకం కెపాసిటర్ల వల్ల లెక్కలేనన్ని మదర్‌బోర్డులు పాడయ్యాయి. కెపాసిటర్ తల ఉబ్బి ఉంటే అది చెడినట్టే. మదర్‌బోర్డు మీద దీన్ని మీరు కంటితో చూడవచ్చు. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా అందులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. దాన్ని మొత్తంగా మార్చడమే సరి. ఎర్త్ లేని సాకెట్‌కు ఖరీదైన యూపీఎస్ తగిలించి నిశ్చింతగా ఉండేవాళ్ళనూ చూస్తుంటాం.

గాలి గురించి సాధారణంగా మరమ్మతు పాఠాల్లో రాయరు. ఈ ప్రాంతంలో రాయక తప్పదు. పటాన్‌చెరు కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారంను తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. గంధకపు వాయువులు తగిలితే వెండి పట్టీలు నల్లబడటం మీకు తెలిసిందే. అదే పని సర్క్యూట్ బోర్డు మీదా జరుగుతుంది. 2006 జూలై నుంచి యూరప్‌లో ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం మీద నిషేధం వచ్చింది. సీసం కలిసిన పూత బదులు కొన్ని బోర్డులకు వెండి పూత వేశారు. మురుగునీటి శుద్ధి కేంద్రాలు, కాగితం మిల్లులు, రబ్బరు ఫ్యాక్టరీలు ఉన్నచోట ఆ బోర్డుల మీద రాగి సల్ఫైడు పాకి, పక్కపక్క గీతలను కలిపేసి షార్ట్ చేసింది. ఒక విషాన్ని తొలగించే మంచి నిర్ణయం మరో కాలుష్యం ఉన్నచోట ఇలా ఎదురుతిరిగింది. మీ బోర్డు మీద నల్లటి పాకుడు కనిపిస్తే అనుమానించండి. అలాగని ప్రతిదానికీ గాలిని నిందించకండి. మామూలు దుమ్ము పేరుకుని ప్రాసెసర్ ఫ్యాను ఆగిపోయిన కంప్యూటర్లూ, లోపల బల్లి చచ్చిపడిన కంప్యూటర్లూ తక్కువేమీ కాదు.

తీగ నుంచి గాజుదారానికి

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ దేశంలో ప్రజలకు ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చింది. ఇళ్ళకు అది టెలిఫోను తీగ మీదనే వచ్చింది. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ కూడా ఆ రాగి తీగనే వాడుకుంది. స్తంభాల మీదుగా వచ్చే ఆ తీగ వెంట పిడుగు మోడెంలోకి, మోడెం నుంచి లాన్ కేబుల్ ద్వారా మదర్‌బోర్డులోకి చేరేది. ఉరుములు మొదలవగానే ఫోను పిన్ను పీకేసే అలవాటు చాలా ఇళ్ళల్లో అలా వచ్చిందే. ఇప్పటి ఫైబర్ గాజు కనుక దాని గుండా పిడుగు రాదు. అడాప్టర్ కరెంటు వైపు నుంచి మాత్రం రావచ్చు, కాబట్టి ఆ ప్లగ్గు తీయడం ఇప్పటికీ మంచిదే. ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ అని రాసిన ఎర్ర దీపం వెలిగితే కాంతి రావడం లేదని అర్థం. తీగ ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. లేకపోతే కంపెనీవారే రావాలి. కొత్తగా అతికించడం ఇంట్లో అయ్యే పని కాదు. ఆ దీపం వెలగకుండా నెట్ రాకపోతే ముందు కంప్యూటర్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా కలిపి చూడండి. అలా వస్తే తేడా వైఫైలో ఉంది.

మళ్ళీ మూతపడుతున్న డబ్బా

పలుచని లాప్‌టాప్‌లలో చాలావాటికి ఇప్పుడు ర్యామ్ బోర్డుకే అతికి ఉంటోంది. కొన్నింట్లో బ్యాటరీని జిగురుతో అంటిస్తున్నారు. రబ్బరుతో తుడిచి పెట్టడానికి పట్టీయే లేదు. ఒక చిన్న చిప్ పోతే బోర్డు మొత్తం మార్చాలి. అంటే 1401 కాలంలోలాగే విడిభాగం కోసం, సమాచారం కోసం తయారీదారు వైపు చూడాలి. తేడా ఏమిటంటే అప్పుడు యంత్రం అద్దెది, ఇప్పుడు మనం పూర్తి ధర చెల్లించి కొన్నది. ఈ అసంతృప్తి నుంచే అనేక దేశాల్లో మరమ్మతు హక్కు ఉద్యమం పుట్టింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. వస్తువుల వాడకం పుస్తకాలు, విడిభాగాలు, సర్వీసు కేంద్రాల వివరాలు అందులో కంపెనీలు ఇవ్వాలన్నది ఉద్దేశం. కొత్త లాప్‌టాప్ కొనేటప్పుడు ధర అడిగిన తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: ర్యామ్ విడిగా వస్తుందా, బ్యాటరీ స్క్రూలతో ఉందా?