పేరు పక్క గడి

దర్శి పరిసరాల్లో వంశవృక్షం అనే మాట ఎక్కువగా పొలం పంపకాలప్పుడే వినిపిస్తుంది. ముత్తాతకు ఎందరు కొడుకులు, వారిలో ఎవరు నిస్సంతుగా పోయారు, ఇప్పుడు ఎవరి భాగం ఎంత? ఇది తేలితే కాగితం పని అయిపోయినట్టే. ఆడపిల్లలు ఆ చెట్టెక్కడం కూడా చట్టంతో ముడిపడిన సంగతే. 1986లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 2005 నాటి కేంద్ర సవరణతో ఆ హక్కు పెళ్ళయినవారికీ దక్కింది. ఏ కాలంలోనైనా మనవాళ్ళ పేర్లు ఎవరి అవసరం కొద్దీ వాళ్ళు గుర్తుపెట్టుకున్నవే, రాసిపెట్టుకున్నవే. ఆ అవసరం ఏమిటో తెలిస్తే పేరు పక్క గడి చదవడం వస్తుంది.

కాగితం కంటే ముందు నోరు. పిచ్చుకగుంట్లవారు తమను పోషించే కులాల ఇంటిపేర్లు, గోత్రాలు ఏకరువు పెట్టి గింజలు పుచ్చుకునేవారు. మాదిగలకు డక్కలివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, పద్మశాలీలకు కూనపులివారు అలాంటివారే. వారి కథల్లో తేదీలుండవు. కులం ఎలా పుట్టింది, ఎవరు ఎవరికి ఏం ఇచ్చుకోవాలి అన్న సంగతులుంటాయి. వియ్యానికీ మర్యాదకూ కావలసింది అంతే.

రాతి మీద పేరు దానం చేసినవాడిది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో వెలువరించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాల్లో దర్శి శాసనాలకు వేరే భాగముంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా దర్శి నెల్లూరు జిల్లాలోదే. ఆ సంపుటాలకు వందేళ్ళ ముందే కాలిన్ మెకంజీ, కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్యల సాయంతో చారిత్రక సామగ్రి సేకరణకు దిగాడు. ఆ పనిలో పోగైన గ్రామ కైఫియత్తుల్లో గుళ్ళు, మాన్యాలు, ఏలినవారి వరసలు, ఊరు పాడుపడి మళ్ళీ కట్టిన సంగతులు ఉంటాయి. రైతు ముత్తాత పేరు వాటిలో దొరకడం అరుదు. ఆయన ఊరు ఎందుకు ఖాళీ అయిందో మాత్రం దొరకొచ్చు.

తర్వాత దస్త్రాల కాలం. దర్శి వెంకటగిరి జమీందారీలో ఉండేది కాబట్టి ఇక్కడి రైతు శిస్తు జమీందారు లెక్కల్లో నడిచింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే సర్కారు సెటిల్‌మెంటు జరిగి ఫెయిర్ అడంగళ్ళు వచ్చాయి. 1984లో కరణీకాలు రద్దయ్యేదాకా ఊళ్ళో లెక్కలు కరణం చేతిలోవే. అడంగల్‌లో పేరు వెంటే భూమి మెట్టా మాగాణా, ఏ పైరు వేశారు, ఎవరి అనుభవంలో ఉంది అన్నవీ కనిపిస్తాయి. జొన్న పండిన చేలో పత్తి, మిరప పడిందంటే ఆ ఇంటి తిండి, అప్పు, కూలి అన్నీ మారాయన్నమాట. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ దర్శి బ్రాంచి పారిన ఊళ్ళలో కుటుంబ చరిత్ర కాలవకు ముందు, కాలవకు తర్వాత అని రెండుగా చీలుతుంది.

భూమి లేని ఇంటికి పట్టాదారు గడిలో చోటే లేదు. అలాంటి ఎన్నో ఇళ్ళకు పేరెక్కిన తొలి పుస్తకం మిషన్ రిజిస్టరు. 1876–78 ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో వచ్చినవారికి కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. అక్కడ ఒక పేరు, తేదీ చూసి ఆగిపోతే ఆ కరువూ కనబడదు, గౌరవం కోసం పడిన ఆరాటమూ కనబడదు.

అసలు పేరే ఒక దస్తావేజు. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అనీ, ఎంగిలి విస్తళ్ళలో దొర్లించి పుల్లయ్య అనీ పిలిచేవారు. పెంటయ్య తాత కనిపిస్తే, ఆయనకు ముందు చెట్టెక్కని పసివాళ్ళు ఉన్నారేమో అడగాలి. మాలకొండయ్య అంటే మాలకొండ మొక్కు, కోటయ్య అంటే కోటప్పకొండ ప్రభలు. హిందువుల ఇళ్ళలో మస్తానమ్మ, సైదులు ఉన్నారంటే దర్గా మెట్లెక్కిన తల్లి ఉందన్నమాట. ఇంటిపేరు వలసదారి చెబుతుంది. 1912లో అమెరికా వెళ్ళి గదర్ పార్టీలో చేరిన దర్శి చెంచయ్య పుట్టింది కనిగిరిలో. తర్వాత ఆయన ‘నేనూ నా దేశం’ అని తన కథ తానే రాసుకున్నాడు.

అలా రాసుకోనివారే మన ఇళ్ళలో ఎక్కువ, అందులోనూ ఆడవాళ్ళు. పెళ్ళితో ఇంటిపేరు మారి, వంశవృక్షంలో ‘భార్య’ అన్న మాటకు కుదించుకుపోయినవారు వాళ్ళు. నాయనమ్మను ఏ సంవత్సరంలో పుట్టావని అడిగితే తడుముకుంటుంది. కాపరానికి వచ్చినప్పుడు ఏం వండేవారు, మంచినీళ్ళు ఎంత దూరం నుంచి మోశావు, అప్పటికి కాలవ వచ్చిందా అని అడిగితే తడుముకోదు. ఆ జవాబు రాసుకోవడానికి వంశవృక్షంలో గడి లేదు. పేరు పక్కన మనమే గీసుకోవాలి.