కౌమారానికి పాఠం చెప్పే భాష

ఎదిగే పిల్లలకు శరీరం గురించి బోధించడం మన సంస్కృతికి విరుద్ధమని వాదించేవారు ఒక వాస్తవాన్ని మరుగుపరుస్తున్నారు. ఈ బోధ మనకు కొత్తది కాదు. ఎవరి ప్రయోజనం కోసం ఏం బోధించామన్నదే అసలు ప్రశ్న.

తెలుగు పల్లెల్లో పిల్ల సమర్తాడితే అమ్మలక్కలు చేరి పాటలు పాడేవారు, చిమ్మిలి తినిపించేవారు. నువ్వులూ బెల్లమూ పెట్టడంలో ఆ వయసుకు బలమైన తిండి కావాలన్న గ్రహింపు ఉంది. అదే పిల్లను మైల పేరుతో మూలన చాపమీద కూర్చోబెట్టడమూ ఉంది. ఆరోగ్యబోధ, అంటరానితనం ఒకే ఆచారంలో పెనవేసుకున్నాయి. పైగా ఆ వేడుక పిల్ల పెళ్ళికి సిద్ధమైందని ఊరికి చేసే చాటింపు. మగపిల్లవాడికి పాటా లేదు, మాటా లేదు.

ఈ వ్యవస్థ ఫలితాన్ని గురజాడ 1897లో 'కన్యాశుల్కం' తొలికూర్పు పీఠికలో అంకెలతో చూపించాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో నమోదైన బ్రాహ్మణుల శుల్క వివాహాలు 1034. వాటిలో ఐదేళ్ళకే పెళ్ళయినవారు 99 మంది, ఏడాది వయసువారు ముగ్గురు. 1891 చట్టం సమ్మతి వయస్సును 10 నుంచి 12 ఏళ్ళకు పెంచితే ధర్మం చెడిందని ఛాందసులు గగ్గోలు పెట్టారు. 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళివయసును 14గా నిర్ణయించింది. ఈ చర్చలన్నీ పిల్ల శరీరం గురించే. ఆ పిల్లకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

మహారాష్ట్రలో ర.ధో. కర్వే 1927 నుంచి 1953 వరకు 'సమాజ స్వాస్థ్య' పత్రిక నడిపి అశ్లీల నేరం మోపించుకున్నాడు. 1934లో అతని పక్షాన బొంబాయి హైకోర్టులో వాదించినవాడు అంబేద్కర్. తెలుగులో చలం సంకోచం లేని భాషలో రాసి వెలి అనుభవించాడు. ఆ భాష సాహిత్యంలోనే ఉండిపోయింది, తరగతి గదికి చేరలేదు.

2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమాన్ని దేశవ్యాప్తం చేసింది. దానికి ప్రేరణ ఎయిడ్స్ భయం. పాఠం పైనుంచి దిగింది. తల్లిదండ్రులతో, ఉపాధ్యాయులతో తగినంత సంభాషణ జరగలేదు. ఆ లోటును ఆసరా చేసుకుని 2007లో మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక వంటి రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. లోపాన్ని సరిదిద్దవలసిన చోట మౌనాన్ని విధించాయి.

2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కొంత పాఠం నేర్చుకుంది. 10–19 ఏళ్ళవారికి పోషణ, మానసిక ఆరోగ్యం, హింస, మత్తుపదార్థాల గురించి కూడా చెప్పాలంది. ఊళ్ళోని ఈడువారినే బోధకులుగా తయారుచేయాలంది. 2020లో ప్రారంభమైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకు, వీలైతే ఒక స్త్రీకి, ఒక పురుషుడికి, ఈ బాధ్యత అప్పగించింది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20–24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకుండానే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశంలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత. సమర్త వేడుక ఘనంగా జరిగిన ఇంట్లోనూ పిల్ల రక్తం పలచబడుతూనే ఉంది.

ఇక్కడ రచయితల కర్తవ్యం స్పష్టం. ఈనాటి విద్యార్థికి శరీరం గురించి రెండే భాషలు తెలుసు: ఒకటి 'పునరుత్పత్తి వ్యవస్థ' అనే పరీక్ష భాష, రెండోది బూతు. ఈ రెంటి మధ్య తల్లి కూతురితో, తండ్రి కొడుకుతో, పంతులు పిల్లలతో సిగ్గుపడకుండా మాట్లాడుకునే తెలుగు ఇంకా తయారుకాలేదు. గిడుగు బడిలోకి ప్రజల భాషను తేవడానికి పోరాడాడు. ఆ పోరాటంలో ఈ అధ్యాయం మిగిలే ఉంది. సంస్కృతిని గౌరవించడమంటే అందులో ఏది నిలుపుకోవాలో, ఏది వదలాలో తేల్చుకోవడం. చిమ్మిలి ఉండాలి, చాప పోవాలి. ఆ పాటలకు కొత్త చరణాలు కావాలి, వాటిని మగపిల్లలు కూడా వినాలి.