షెడ్డులోకి వచ్చిన వెయ్యో వంతు అంగుళం

క్రాంక్‌షాఫ్టుకీ బేరింగుకీ మధ్య సందు చూడటం పెద్ద వర్క్‌షాపుల పని అనీ, ఇంట్లో ఇంజన్ విప్పుకుని ఆ పనికి దిగడం ఈ మధ్య పుట్టిన సాహసమనీ చాలామంది అనుకుంటారు. చరిత్ర మరోలా ఉంది. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర పైచిలుకు తయారైన ఫోర్డ్ మోడల్ టి కారు అమెరికా పల్లెల్లో రైతుల చేతుల్లో తిరిగింది. కొన్నవాళ్ల కోసం కంపెనీ వేసిన చిన్న పుస్తకంలోనే కనెక్టింగ్ రాడ్ బేరింగును సరిచేసుకునే పద్ధతి ఉంది. నూనె దించాలి, క్రాంక్‌కేసు అడుగు పలక తియ్యాలి, రాడ్ క్యాప్ విప్పి దాని అంచులను ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదియ్యాలి, గుర్తులు కలిసేలా మళ్లీ బిగించి స్టార్టింగ్ హ్యాండిల్ తిప్పి చూడాలి. చేయి తిరిగినవాళ్లు క్యాప్‌ను రెండు పక్కలా సుత్తితో మెల్లగా తట్టి బిగువు కనిపెడతారని కూడా రాశారు. ఆ పని మొత్తంలో అంకె లేదు. చెయ్యే కొలబద్ద.

అంకె లేకుండా పని ఎలా సాగింది? బేరింగు లోహం మెత్తనిది కాబట్టి సాగింది. మసాచుసెట్స్‌కు చెందిన ఐజాక్ బాబిట్ 1839లో పేటెంటు పొందిన బేరింగు మీద పుట్టిన పేరే బాబిట్ లోహానిది. తగరంలో ఆంటిమొనీ, రాగి కలిపిన ఆ మిశ్రమాన్ని మన వర్క్‌షాపుల్లో వైట్ మెటల్ అంటారు. కరిగించి పోసి, నీలిరంగు పూసిన షాఫ్టును అందులో తిప్పి, రంగు అంటిన చోటల్లా స్క్రేపరుతో గీకేవారు. చిన్న పొరపాటు ఉంటే నడకలో ఆ లోహమే సర్దుకునేది. అయితే సందు అసలు లేకుండా బిగిస్తే మాత్రం క్షమించేది కాదు. 1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ రైలు ఇరుసు బేరింగు మీద ప్రయోగాలు చేస్తూ, నూనె పోయడానికి పైన రంధ్రం వేయించాడు. నూనె లోపలికి పోవడం మానేసి పైకి ఉబికింది. బిరడా కొడితే దాన్నీ బయటికి తోసేసింది. బరువును మోస్తున్నది లోహం కాదు, నూనె పొర. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాశాడు. అంటే సందు లోపం కాదు, నూనెకు ఇచ్చిన చోటు.

1930లలో ఉక్కు వీపు మీద పల్చటి పూత వేసిన షెల్ బేరింగులు వ్యాపించాయి. షెవ్రొలే ఆరు సిలిండర్ల ఇంజన్లలో పోత లోహం 1950ల తొలినాళ్ల దాకా నిలిచినా, దారి మారిపోయింది. అమరిక ఫ్యాక్టరీలోనే తేలిపోయింది. ఆకురాయి తప్పు పనిముట్టయింది. చేతి అంచనాకు విలువ పోయి, అంగుళంలో వెయ్యో వంతులు, అంటే మెకానిక్కుల నోట ‘థౌ’లు, తెలియాల్సి వచ్చింది. షాఫ్టు చుట్టూ మైక్రోమీటరు పట్టడం నేర్చుకోవచ్చు గానీ, బిగించిన షెల్ లోపలి వ్యాసం తీయడానికి ఖరీదైన గేజీ కావాలి. ఇల్లు ఈ పనిని పోగొట్టుకున్నది అప్పుడే. తిరిగి తెచ్చిపెట్టింది ప్లాస్టిగేజ్ అనే మైనం లాంటి దారం. జర్నల్ మీద, అంటే బేరింగులో తిరిగే షాఫ్టు భాగం మీద, పొడవునా ఒక ముక్క పెట్టి, క్యాప్‌ను చెప్పిన టార్కుకు బిగించి విప్పితే, నలిగిన దారం ఎంత వెడల్పయితే సందు అంత తక్కువ. వెడల్పును కవరు మీది గీతలతో పోల్చుకోవడమే. ఆకుపచ్చది ఒకటి నుంచి మూడు థౌల వరకూ చూపుతుంది.

ఇది ఉజ్జాయింపే, అసలు కొలత కాదని ఇంజన్ కట్టేవాళ్లు అంటారు. జర్నల్ కోలగా అరిగితే ఒక్క చోట పెట్టిన దారం దాన్ని పట్టదన్న మాట నిజం. కానీ వేర్వేరుగా తీసిన రెండు కొలతల్లో రెండు తప్పులు చేరవచ్చు. దారం మాత్రం బిగించిన స్థితిలో మిగిలిన సందునే నేరుగా చూపుతుంది. ఒక కొస వెడల్పుగా, మరో కొస సన్నగా నలిగితే జర్నల్ వాలుగా అరిగిందని కూడా తెలుస్తుంది. కోల సంగతి మైక్రోమీటరు చూసుకుంటుంది. ఇవి ఒకదానికొకటి పోటీ కావు. నిజమైన ప్రమాదం దారంలో లేదు, తొందరలో ఉంది: నూనె తుడవకపోయినా, దారం ఉండగా షాఫ్టు తిప్పినా అంకె అబద్ధమవుతుంది. అంకె హద్దు దాటితే మోడల్ టి నాటి ఆకురాయి పట్టకండి. షాఫ్టు గ్రైండింగ్‌కు ఇచ్చి, దానికి తగిన అండర్‌సైజు బేరింగులు వేసి, మళ్లీ దారం పెట్టి చూడండి.